పేరు నమోదు, పేరుపై హక్కు

వరంగల్లు జంపఖానాలకు 2018లోను, వరంగల్లు చపాట మిరపకు 2025లోను భౌగోళిక సూచిక నమోదు లభించినది. ఐనను ఆ నమోదుచేతనే ఇంటర్నెట్టునందలి చిరునామా, అనగా డొమైను పేరు, ఉత్పత్తిదారులకు దక్కదు. ఈ భేదమును సభ్యులెల్లరు గుర్తెరుగవలెను.

డొమైను పేరు లోకమంతటికిని ఒక్కటియే. ముందుగా రుసుము చెల్లించినవారికి అది లభించును. వారు ఆ సరకు పండించువారా యని సాధారణముగా విచారింపరు. ట్రేడుమార్కు హక్కు అట్టిది గాదు. అది దేశదేశమునకు వేరు. ఒకే మాట ఇచట ఒకరికిని, విదేశమున మరియొకరికిని మార్కు కావచ్చును. చిరునామా మాత్రము ఒక్కరికే చెందును గనుక తగవు పుట్టుచున్నది.

హైదరాబాదు సత్యం కంప్యూటర్సువారు నెలకొల్పిన సత్యం ఇన్ఫోవే సంస్థ 1999లో ‘సిఫీ’తో మొదలగు డొమైను పేర్లను పొందెను. తరువాత వేరొక సంస్థ ‘సిఫ్ఫీ’తో మొదలగు పేర్లను తీసికొనెను. 2004 మే 6వ తేదీన సుప్రీం కోర్టు, డొమైను పేరునకును ట్రేడుమార్కు లక్షణములు కలవనియు, ఒకరి పేరుప్రతిష్ఠలను చూపి మరియొకరు వ్యాపారము చేయరాదనియు తీర్పు చెప్పి, సత్యం ఇన్ఫోవే పక్షము వహించెను.

దేశాంతర వివాదములకై 1999లో ఏర్పడిన విధానము ప్రకారము ఫిర్యాదీ మూడంశములను రుజువు చేయవలెను: తన మార్కును పోలిన పేరగుట, ఎదుటివానికి దానిపై హక్కు లేకుండుట, దురుద్దేశముతో దానిని నమోదు చేసి వాడుట. ఒక్క దేశపు మార్కైనను చాలును. గెలిచినచో పేరు రద్దగును, లేదా చేతికి వచ్చును, నష్టపరిహారము లేదు.

భౌగోళిక సూచిక మాత్రమే కలవారికి ఇచట చిక్కు కలదు. 2011లో ఫ్రాన్సుదేశపు షాంపేను ఉత్పత్తిదారుల సంఘము ‘షాంపేన్.కో’ను కోరి ఓడిపోయెను; భౌగోళిక సూచిక తనంత ట్రేడుమార్కు కాదని నిర్ణేతల అభిప్రాయము. మార్కు నమోదులు కలిగిన ఇటలీ పార్మా మాంసోత్పత్తిదారుల సంఘము 2000లో గెలిచినది.

కావున ఉత్పత్తిదారుల సంఘములు భౌగోళిక సూచికతో తృప్తిపడక, 1999 ట్రేడుమార్కుల చట్టము క్రింద సామూహిక మార్కునుగాని ధ్రువీకరణ మార్కునుగాని పొందుట మేలు. ఎగుమతి చేయుదేశములకు, 2013లో భారతదేశము చేరిన మాడ్రిడ్ ఒడంబడిక ననుసరించి, ఒకే దరఖాస్తు పంపవచ్చును. డొమైను పేరును ఉద్యోగి పేరిటగాని వెబ్‌సైటు తయారుచేయువాని పేరిటగాని గాక, సంఘము పేరిటనే నమోదు చేయించి, గడువు తీరకముందే రుసుము చెల్లింపవలెను.