గృహ ఆడియో రిసీవర్ ఎంపిక

గృహ ఆడియో రిసీవర్ అనేది రేడియో ట్యూనర్, ప్రీఆంప్లిఫయర్, పవర్ ఆంప్లిఫయర్ అనే మూడు భాగాలను ఒకే పెట్టెలో కలిగిన ధ్వని పరికరం. ట్యూనర్ లేకుండా మిగిలిన రెండు మాత్రమే ఉంటే దానిని ఇంటిగ్రేటెడ్ ఆంప్లిఫయర్ అంటారు. ప్రీఆంప్లిఫయర్ విడిగా కూడా లభిస్తుంది. అయితే అది స్పీకర్లను నేరుగా నడపలేదు, దానికి తోడుగా వేరొక పవర్ ఆంప్లిఫయర్ ఉండాలి. ఉపగ్రహ టీవీ ప్రసారాలను అందుకొనే సెట్‌టాప్ బాక్సును కూడా వాడుకలో రిసీవర్ అనడం కద్దు. దానికి ఈ వ్యాస విషయంతో సంబంధం లేదు.

రిసీవర్ కొనేవారు సాధారణంగా మొదట చూసేది వాట్ల సంఖ్యను. నిజానికి వినబడే ఫలితాన్ని నిర్ణయించేవి స్పీకర్లు, గది, ఇంటికి వచ్చే విద్యుత్తు, వినదలచిన మూలం. వీటిలో చాలావరకు ఊరిని బట్టి మారుతాయి. అందువలన ఈ వ్యాసంలో హైదరాబాదుకు ఉత్తర శివార్లలో ఉన్న మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల ఇళ్ళు ఉదాహరణగా తీసుకోబడ్డాయి.

ప్రాంతం, ఇళ్ళు

మేడ్చల్ నాగపూరు వైపు వెళ్ళే 44వ జాతీయ రహదారిపైన, శామీర్‌పేట కరీంనగర్ వైపు వెళ్ళే రాజీవ్ రహదారిపైన ఉన్నాయి. రెండూ సికింద్రాబాదు నుండి సుమారు 25 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. 2016లో ఏర్పడిన మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలో ఇవి మండల కేంద్రాలు. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చిన తరువాత ఇక్కడ పాత ఊరి ఇళ్ళ పక్కనే అపార్టుమెంట్లు, ప్రహరీ లోపలి డూప్లెక్స్ ఇళ్ళు, తోటల మధ్య విశ్రాంతి గృహాలు వెలిశాయి.

ఈ ఇళ్ళన్నింటికీ ఒక సామాన్య లక్షణం ఉంది. పాత ఇంట్లో షాబాద్ బండలు, కొత్త ఇంట్లో గ్రానైట్ లేదా టైల్స్, పైన కాంక్రీటు స్లాబు, చుట్టూ సిమెంటు పూత పూసిన గోడలు ఉంటాయి. ఇవన్నీ ధ్వనిని పీల్చుకోకుండా తిప్పికొట్టే ఉపరితలాలే. గది మధ్యలో నిలబడి ఒకసారి చప్పట్లు కొడితే వెనువెంటనే గణగణమనే ప్రతిధ్వని వినబడుతుంది. అటువంటి గదిలో ఎంత ఖరీదైన రిసీవర్ పెట్టినా పాటలోని మాటలు ఒకదానిపై ఒకటి పడి అస్పష్టంగా వినబడతాయి. ఒక మందపాటి తివాచీ, కిటికీలకు బరువైన పరదాలు, పుస్తకాల బీరువా చేసే మేలును ఏ ఆంప్లిఫయరూ చేయలేదు. కొనుగోలుకు కేటాయించిన సొమ్ములో కొంత వీటికి పోవడమే మంచిది. రెండంతస్తుల ఎత్తు గల హాలు ఉన్న డూప్లెక్స్ ఇళ్ళలో ఈ సమస్య మరింత ఎక్కువ.

వాట్ల లెక్క

స్పీకర్లకు సున్నితత్వం అనే కొలత ఉంటుంది. 1 వాటు శక్తి ఇచ్చినపుడు 1 మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్‌ల ధ్వని వస్తుందో అది తెలుపుతుంది. శక్తిని రెట్టింపు చేస్తే ధ్వని 3 డెసిబెల్‌లు, పది రెట్లు చేస్తే 10 డెసిబెల్‌లు పెరుగుతుంది. 10 డెసిబెల్‌ల పెరుగుదల చెవికి సుమారు రెట్టింపు బిగ్గరగా తోస్తుంది. దీని అర్థం ఏమిటంటే, 50 వాట్ల రిసీవర్‌కూ 100 వాట్ల రిసీవర్‌కూ మధ్య తేడా కేవలం 3 డెసిబెల్‌లే. ధరలో తేడా మాత్రం అంత స్వల్పంగా ఉండదు.

ఉదాహరణకు 88 డెసిబెల్‌ల సున్నితత్వం గల రెండు స్పీకర్లను ఒక మోస్తరు గదిలో ఉంచి 3 మీటర్ల దూరంలో కూర్చుంటే, దూరం వలన కొంత తగ్గి, రెండు స్పీకర్లు కలిసినందున కొంత పెరిగి, ఒక్కొక్క దానికి 1 వాటు వద్ద సుమారు 85 డెసిబెల్‌ల ధ్వని చేరుతుంది. ఇంట్లో హాయిగా వినడానికి సగటున 75 డెసిబెల్‌లు చాలు. దానికి అయ్యే శక్తి ఒక వాటులో పదో వంతు మాత్రమే. పాటలో డప్పు, మృదంగం వంటివి ఒక్కసారిగా మోగే ఘట్టాలు సగటు కంటే 20 డెసిబెల్‌లు ఎక్కువ ఉన్నాయనుకున్నా 10 వాట్లు సరిపోతాయి. స్పీకర్ల సున్నితత్వం 83 డెసిబెల్‌లు మాత్రమే అయితే అదే ధ్వనికి 32 వాట్లు కావాలి. కనుక ముందు స్పీకర్లను ఎంచుకొని, తరువాత వాటికి తగిన రిసీవర్‌ను చూడడం సరైన క్రమం. స్పీకర్ల అవరోధం 4 ఓములైతే, రిసీవర్ వెనుక పలకపై 4 ఓములకు అనుమతి ఉన్నదో లేదో చూడాలి. లేనిపక్షంలో అది వేడెక్కి ఆగిపోతుంది.

పెట్టెలపై ముద్రించే పి.ఎం.పి.ఓ. వాట్లకు ఏ విలువా లేదు. క్షణంలో వెయ్యో వంతు కాలం కూడా నిలవని ఊహాజనిత శక్తిని అది సూచిస్తుంది. దానిని కొలిచే ప్రామాణిక పద్ధతి కూడా లేదు. ఆర్.ఎం.ఎస్. వాట్లు, అవి కూడా రెండు చానెళ్ళు ఒకేసారి పనిచేస్తున్నపుడు, 8 ఓముల వద్ద, ఎంత వక్రీకరణతో అన్న వివరాలతో ఉంటేనే నమ్మదగినవి. ఇటువంటి అతిశయోక్తులను అరికట్టడానికే అమెరికాలో 1974లో ఆంప్లిఫయర్ల శక్తి ప్రకటనపై నిబంధన తెచ్చారు.

మేడ్చల్ రహదారి పొడవునా ఉన్న ఫంక్షన్ హాళ్ళలో వాడే అహూజా వంటి ఆంప్లిఫయర్లను చూసి, అవి ఇంటికి కూడా బాగుంటాయని భావించేవారు ఉన్నారు. అవి ప్రసంగాలు, ప్రకటనలు దూరం వరకు వినిపించడానికి రూపొందించినవి. వాటిలో పొడవైన తీగల కొరకు 70 లేదా 100 వోల్టుల లైన్లు ఉంటాయి. ఇంటి స్పీకరును పొరపాటున ఆ లైనుకు కలిపితే కాలిపోయే ప్రమాదం ఉంది.

విద్యుత్తు

భారతదేశంలో ఇళ్ళకు ఇచ్చే విద్యుత్తు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. శివారు ప్రాంతాలలో బోరుమోటార్లు, చిన్న పరిశ్రమలు ఒకే లైనుపై ఉన్నచోట వోల్టేజి హెచ్చుతగ్గులకు గురవుతుంది. తక్కువ వోల్టేజి గురించి అనవసరంగా భయపడడం కనిపిస్తుంది. సాధారణ ట్రాన్స్‌ఫార్మర్ గల ఆంప్లిఫయర్‌లో వోల్టేజి పదో వంతు తగ్గితే గరిష్ఠ ధ్వని 1 డెసిబెల్ కూడా తగ్గదు. అసలు ప్రమాదం ఎక్కువ వోల్టేజితోనే. మూడు ఫేజుల సరఫరాలో న్యూట్రల్ తీగ తెగినపుడు ఇంట్లోని ప్లగ్గుకు 400 వోల్టుల దాకా చేరవచ్చు. కనుక స్టెబిలైజరు కొనేటపుడు అది వోల్టేజిని ఎంత పెంచగలదు అన్నదాని కంటే, హద్దు మీరినపుడు సరఫరాను ఆపుతుందా అన్నది ముఖ్యం. ఏప్రిల్, మే నెలలలో గాలివానలు, పిడుగులు సామాన్యం. అప్పుడు విద్యుత్ ప్లగ్గుతో పాటు ఇంటిపైకప్పు నుండి వచ్చే యాంటెనా తీగను కూడా ఊడదీయాలి.

ఈ ప్రాంతం దక్కను గ్రానైటు శిలలపై ఉంది. బండ మీద పైపొరగా ఉన్న మట్టి వేసవిలో ఎండిపోతే ఎర్తింగ్ గుంత బలహీనపడుతుంది. గుంతలో నీరు పోస్తుండడం పాత అలవాటే గానీ, ఇప్పటికీ అవసరమైనదే. స్పీకర్లలో సన్నగా "హమ్" అని వినబడితే రిసీవర్‌ను నిందించే ముందు కేబుల్ టీవీ తీగను ఊడదీసి చూడాలి. చాలాసార్లు ఆ చప్పుడు వేర్వేరు ఎర్తుల మధ్య ప్రవహించే విద్యుత్తు వలన వస్తుంది. చదరపు తరంగం ఇచ్చే చవక ఇన్వర్టర్లపై నడిపినపుడు కూడా ఇటువంటి రొద వస్తుంది. సైన్ తరంగం ఇచ్చే ఇన్వర్టరుతో అది ఉండదు. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో రిసీవర్‌ను తలుపులు మూసిన టీవీ అరలో పెట్టరాదు.

అమెరికా నుండి తెచ్చిన రిసీవర్లు

విదేశాలలో స్థిరపడిన బంధువులు తెచ్చి ఇచ్చిన రిసీవర్లు తెలుగు ఇళ్ళలో అరుదు కాదు. అమెరికా కొరకు తయారైనవి 120 వోల్టులకు మాత్రమే పనిచేస్తాయి. ల్యాప్‌టాప్ చార్జరు వలె రెండింటికీ సరిపోతుందని తలచి నేరుగా 230 వోల్టుల ప్లగ్గులో పెడితే క్షణంలో కాలిపోతాయి. వెనుక పలకపై వోల్టేజి మార్చే మీట ఉంటే సమస్య లేదు. లేకుంటే, పలకపై రాసిన వాట్ల కంటే ఎక్కువ సామర్థ్యం గల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి.

ట్రాన్స్‌ఫార్మర్‌తో తీరని చిక్కులు మరికొన్ని ఉన్నాయి. అమెరికా ఎఫ్.ఎం. ట్యూనర్ 0.2 మెగాహెర్ట్జ్ చొప్పున, దశాంశ స్థానంలో బేసి అంకెలపైనే ఆగుతుంది. అందుచేత ఆకాశవాణి హైదరాబాదు రెయిన్‌బో వారి 101.9 దొరుకుతుంది గానీ, వివిధ భారతి 102.8 దొరకదు. మధ్యతరంగాలలో అమెరికాలో 10, భారతదేశంలో 9 కిలోహెర్ట్జ్‌ల అంతరం పాటిస్తారు. హైదరాబాదు 'ఎ' కేంద్రం చిరకాలం వినబడిన 738 కిలోహెర్ట్జ్ అటువంటి ట్యూనర్‌లో 730కి, 740కి మధ్య పడుతుంది. కొన్ని నమూనాలలో ఈ అంతరాన్ని మార్చుకొనే ఏర్పాటు ఉంటుంది. అది లేనివాటిలో మార్గం లేదు. ఇంకొకటి, ఎఫ్.ఎం. ప్రసారంలో హెచ్చు స్థాయి స్వరాలను పెంచి పంపి, ట్యూనర్‌లో తిరిగి తగ్గిస్తారు. ఈ సవరణ అమెరికాలో 75, ఇక్కడ 50 మైక్రోసెకన్లు. తేడా వలన ఇక్కడి ప్రసారాలు ఆ రిసీవర్‌లో కొంచెం మందంగా వినబడతాయి.

రిసీవర్‌తో పాటు రికార్డు ప్లేయర్ కూడా వస్తే అది మరొక సంగతి. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని మారుస్తుంది గానీ 60 హెర్ట్జ్‌ను 50గా ఉన్నదానిలోంచి పుట్టించలేదు. సింక్రొనస్ మోటారు గల పాత ప్లేయర్‌లో నిమిషానికి 33⅓ చుట్లు తిరగవలసిన రికార్డు సుమారు 27.8 చుట్లే తిరుగుతుంది. పాట నెమ్మదించి, శ్రుతి మూడు స్వరస్థానాలు కిందికి దిగుతుంది. 50 హెర్ట్జ్‌కు తగిన కప్పీ వేస్తే సరిపోతుంది.

రేడియో వినదలిస్తే

ఎఫ్.ఎం. తరంగాలు దాదాపు చూపు సాగినంత దూరమే సాగుతాయి. మధ్యలో గుట్టలు, ఎత్తైన భవనాలు ఉంటే బలహీనపడతాయి. నగరం మేడ్చల్‌కు దక్షిణాన, శామీర్‌పేటకు నైరుతి దిక్కున ఉంది. కనుక రిసీవర్‌తో ఇచ్చే తీగ యాంటెనాను ఆ వైపు కిటికీ వద్ద కట్టాలి. అది చాలకపోతే ఇంటిపైన యాంటెనా పెట్టవచ్చు. ఆకాశవాణి కేంద్రాలు ఇప్పుడు ఫోన్‌లో అంతర్జాలం ద్వారా కూడా అందుతున్నందున, కేవలం వాటి కోసం ట్యూనర్ ఉన్న పెట్టెకు ఎక్కువ ధర చెల్లించవలసిన పని లేదు.

ప్రీఆంప్లిఫయర్ ఎప్పుడు కావాలి

ప్రీఆంప్లిఫయర్ పనులు మూడు: మూలాన్ని ఎంచడం, ధ్వని స్థాయిని నియంత్రించడం, బలహీన సంకేతాన్ని పెంచడం. సీడీ ప్లేయర్ ఇచ్చే సంకేతం సుమారు 2 వోల్టులు. పవర్ ఆంప్లిఫయర్‌ను పూర్తిస్థాయిలో నడపడానికి సాధారణంగా 1 నుండి 2 వోల్టులు చాలు. అంటే సీడీ, ఫోన్, టీవీ మాత్రమే వినేవారికి సంకేతాన్ని పెంచవలసిన అవసరమే లేదు. విడిగా ప్రీఆంప్లిఫయర్ కొనడం ఈ సందర్భంలో ఎక్కువగా హోదా కొరకే.

గ్రామఫోను రికార్డుల విషయం వేరు. మూవింగ్ మాగ్నెట్ పికప్ ఇచ్చేది 5 మిల్లీవోల్టుల లోపు సంకేతం. అంతేగాక, 1950ల మధ్య నుండి రికార్డులు చెక్కేటపుడు మంద్ర స్వరాలను తగ్గించి, తార స్వరాలను పెంచే ఆర్.ఐ.ఎ.ఎ. పద్ధతి పాటిస్తున్నారు. వినేటపుడు దీనిని తిరగదిప్పాలి, అంటే 20 హెర్ట్జ్ వద్ద దాదాపు 20 డెసిబెల్‌లు పెంచి, 20 కిలోహెర్ట్జ్ వద్ద అంతే తగ్గించాలి. ఈ పని చేసే ఫోనో ప్రీఆంప్లిఫయర్ లేకుండా నేరుగా కలిపితే ఘంటసాల గొంతు కూడా రేకు డబ్బాలోంచి వచ్చినట్లు సన్నగా, దూరంగా వినబడుతుంది. రిసీవర్ వెనుక "ఫోనో" అని రాసి, పక్కన ఎర్తు మర ఉంటే ఈ ప్రీఆంప్లిఫయర్ లోపలే ఉన్నట్లు. పాత సూట్‌కేసు తరహా ప్లేయర్లలో చాలావాటికి సెరామిక్ లేక క్రిస్టల్ పికప్ ఉంటుంది. దాని సంకేతం బలమైనది కనుక ఫోనోకు కలపరాదు. 78 చుట్ల పాత రికార్డులకు వెడల్పైన సూది వేరుగా కావాలి. వాటిని చెక్కిన పద్ధతి కూడా కంపెనీని బట్టి మారేది.

ఎన్ని స్పీకర్లు

సినిమాలు చూడడం ముఖ్యమైతే ఐదు లేక అంతకంటే ఎక్కువ స్పీకర్ల ఏ.వి. రిసీవర్, సంగీతం ముఖ్యమైతే రెండు స్పీకర్ల రిసీవర్ తగినవి. 1970లకు ముందటి తెలుగు సినిమా పాటలు చాలావరకు మోనోలో ముద్రించినవి, వాటిని ఐదు దిక్కుల నుండి వినడంలో ప్రయోజనం లేదు. టీవీకి కలపడానికి 2009లో వచ్చిన హెచ్‌డిఎంఐ ఏ.ఆర్.సి. సౌకర్యం ఉంటే ఒక్క తీగతో పని జరుగుతుంది.

ఇరుగుపొరుగు

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాలలో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లు. రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు రాత్రిగా పరిగణిస్తారు. గోడలు, తలుపులు తార స్వరాలను బాగా ఆపుతాయి గానీ మంద్ర స్వరాలను అంతగా ఆపలేవు. అపార్టుమెంట్లలో పక్కింటివారి ఫిర్యాదు తరచు సబ్‌వూఫర్ మీదనే ఉంటుంది. దానిని నేల నుండి వేరుచేసే రబ్బరు దిమ్మెలపై ఉంచి, స్థాయి తగ్గించాలి. రహదారికి దూరంగా ఉన్న ఇళ్ళలో రాత్రి ఫ్యాను ఆపితే ఆంప్లిఫయర్ సొంతంగా చేసే "ఉస్స్" అనే చప్పుడు కూడా వినబడుతుంది. పగటిపూట దుకాణపు సందడిలో ఇది తెలియదు. కొనే ముందు పాటను ఆపి, ధ్వని మీటను సగం వరకు తిప్పి, స్పీకరు దగ్గర చెవి పెట్టి చూడాలి. పాతవి కొనేవారు మీట తిప్పినపుడు గరగర వస్తుందేమో కూడా గమనించాలి. అది సాధారణంగా దుమ్ము వలన వచ్చేదే, శుభ్రం చేస్తే పోతుంది. అరిగిపోతే కొత్త మీట వేయించాలి, అటువంటి విడిభాగాలకు హైదరాబాదులో కోఠిలోని గుజరాతీ గల్లీ ప్రసిద్ధి.