స్పిట్‌ఫైర్ విమానాల ఉత్పత్తి

స్పిట్‌ఫైర్ ఒక బ్రిటిషు యుద్ధ విమానము. దీని మొదటి నమూనా 1936 మార్చి 5న ఎగిరినది. జర్మనీ వైమానిక బలము పెరుగుతున్నందున ప్రభుత్వము జూన్‌లోనే 310 విమానాలు కోరినది. కాని తయారీదారైన సూపర్‌మెరైన్ చిన్న సంస్థ. దీర్ఘవృత్తాకారపు రెక్కను లోహపు రేకులతో మలచుట కూడా కష్టము. అందువలన మొదటి విమానము 1938 ఆగస్టులో గాని దళానికి చేరలేదు. గొట్టాల చట్రము, గుడ్డ తొడుగు గల హరికేన్‌ను కట్టుట సులభము. 1940 బ్రిటన్ యుద్ధంలో ఎక్కువగా పోరాడినవి హరికేన్‌లే. పేరు మాత్రము స్పిట్‌ఫైర్‌కు దక్కినది.

కాసిల్ బ్రామ్‌విచ్ కర్మాగారము

మోటారు కార్ల తయారీదారుల అనుభవాన్ని వాడుకొనుటకు ప్రభుత్వ ధనముతో "నీడ కర్మాగారాలు" నిర్మించబడినవి. 1938లో బర్మింగ్‌హామ్ వద్ద మొదలైన ఈ కర్మాగారము లార్డ్ నఫీల్డ్‌కు అప్పగించబడినది. కార్ల పద్ధతి విమానాలకు నప్పలేదు. మాటిమాటికి మారే నమూనా అచ్చులలో ఇమడదు గదా! యుద్ధము ముంచుకొచ్చిన 1940 మే నాటికి ఒక్క స్పిట్‌ఫైర్ కూడా బయటకు రాలేదు. కొత్త మంత్రి లార్డ్ బీవర్‌బ్రూక్ నిర్వహణను వికర్స్ సంస్థకు మార్చగా జూన్‌లో మొదటి విమానాలు వచ్చినవి. మొత్తము 20,000కు పైగా తయారైన స్పిట్‌ఫైర్‌లలో సగానికి మించి ఇక్కడివే.

1940 సెప్టెంబరులో సౌతాంప్టన్‌లోని అసలు కర్మాగారము బాంబులకు ధ్వంసమైనది. పనిని సాల్స్‌బరీ, రీడింగ్ వంటి ఊళ్ళలోని మోటారు షెడ్లకు పంచారు.

విరాళాలు

5,000 పౌన్లు ఇచ్చినవారి పేరు ఒక విమానముపై వ్రాసేవారు. నిజమైన ఖర్చు అంతకు మించినదే. నిజాము విరాళానికి గుర్తుగా స్పిట్‌ఫైర్‌లు నడిపిన 152వ స్క్వాడ్రన్‌కు హైదరాబాదు పేరు వచ్చినది. దాని చిహ్నముపై నిజాము తలపాగా ఉన్నది.