వెలుగు పెంచండి, రంగు మార్చకండి

పెళ్ళిలో తీసిన గ్రూప్ ఫోటో అది. పెళ్ళికొడుకు కట్టుకున్న తెల్లటి పట్టుపంచె మెరిసిపోతోంది. వెనక కిటికీలోంచి ఎండ ధగధగలాడుతోంది. మధ్యలో కుర్చీలో కూర్చున్న అమ్మమ్మ ముఖం మాత్రం నీడలో కలిసిపోయింది. ఇంట్లో కుర్రాడెవరో కంప్యూటర్ ముందు కూర్చుని బ్రైట్‌నెస్ పెంచుతాడు. అమ్మమ్మ కనబడుతుంది. కానీ పంచె మడతలు, జరీ అంచు మాయమవుతాయి. ఇంకాస్త పెంచితే చామనఛాయ అమ్మమ్మ పాలిపోయి ఎవరో పరాయి మనిషిలా తయారవుతుంది.

నిజానికి పొరపాటు కెమెరా దగ్గరే మొదలవుతుంది. ఎదుటి దృశ్యం సగటున మధ్యస్థమైన బూడిద రంగులో ఉంటుందన్న లెక్కతో కెమెరా మీటర్ పనిచేస్తుంది. తెల్లబట్టలు, కిటికీ వెలుగు ఎక్కువైతే లోపలికి వచ్చే కాంతిని తగ్గించేస్తుంది. ఆ శిక్ష ముఖాలకు పడుతుంది.

దాన్ని సరిదిద్దాలంటే చిన్న లెక్క తెలియాలి. మామూలు జేపెగ్ ఫోటోలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు ఒక్కొక్కదానికి 0 నుంచి 255 దాకా 256 మెట్లుంటాయి. మూడూ 0 అయితే కారునలుపు, మూడూ 255 అయితే తెలుపు. అన్నిటినీ ఒక్కసారిగా పైకి నెడితే, అప్పటికే పైమెట్ల మీదున్నవన్నీ 255 దగ్గర ఇరుక్కుపోతాయి. పంచె మడతలు పోయేది అక్కడే. అలాగే సేవ్ చేస్తే అవి మళ్ళీ రావు. అందుకే అసలు ఫోటోను పక్కన పెట్టి, కాపీ మీదే పని మొదలుపెట్టాలి.

ఫోటోషాప్‌లోనూ, ఉచితంగా దొరికే గింప్‌లోనూ 'లెవెల్స్' అనే సాధనం ఉంది. అందులో కనిపించే గుట్టలాంటి బొమ్మే హిస్టోగ్రామ్. ఏ మెట్టు మీద ఎంత సమాచారం ఉందో అది చెబుతుంది. కింద ఉన్న మూడు గుర్తుల్లో రెండు కొసల వాటిని గుట్ట మొదలయ్యే చోటికి, ముగిసే చోటికి జరిపితే మసకబారిన ఫోటోకు కాంట్రాస్ట్ వస్తుంది. ముఖాల కోసం మధ్య గుర్తును కొద్దిగా ఎడమకు జరిపితే చాలు. కొసలు కదలకుండా నడిమి ఛాయలు తేలికపడతాయి. ఫోన్‌లోనైతే షాడోస్ కొంచెం పెంచి, హైలైట్స్ కొంచెం తగ్గించాలి.

తర్వాత రంగు. మామూలు పసుపు వెలుగు బల్బు రంగు ఉష్ణోగ్రత సుమారు 2,700 కెల్విన్, మధ్యాహ్నపు ఎండది దాదాపు 5,500. ఈ తేడాను కెమెరా సరిగా పోల్చుకోకపోతే ఫోటో అంతా పచ్చబడుతుంది. వైట్ బ్యాలెన్స్ సాధనంతో తెల్లగోడనో, బూడిద రంగు స్తంభాన్నో చూపిస్తే మిగతా రంగులు దారిలో పడతాయి. పసుపు అంటిన బట్టను తెలుపని చూపిస్తే మాత్రం సాఫ్ట్‌వేర్ ఆ పసుపును తీసేసే ప్రయత్నంలో ముఖాలన్నిటికీ నీలం పులుముతుంది. శాచురేషన్ విషయంలోనూ చెయ్యి వెనక్కే ఉండాలి. ఎర్రచీర కంటికి నదరుగా కనిపించేలోపే ముఖాలు నారింజపండులా మారతాయి.

ఇదంతా అభిరుచికి సంబంధించిన విషయమే కాదు. ఫిల్మ్ రోజుల్లో కలర్ ల్యాబులు ప్రింట్లను సరిచూసుకోవడానికి వాడిన కొడాక్ 'షర్లీ' కార్డుల మీద దశాబ్దాల పాటు ఉన్నది తెల్లజాతి మహిళే. వేర్వేరు మేనిఛాయల కార్డులు 1990ల్లో గానీ రాలేదు. 1994 జూన్‌లో 'టైమ్' పత్రిక ఓ.జె. సింప్సన్ పోలీసు ఫోటోను మరింత నల్లగా మార్చి ముఖచిత్రంగా వేసింది. అదే ఫోటోను 'న్యూస్‌వీక్' మార్చకుండా వేయడంతో తేడా అందరికీ తెలిసిపోయింది, విమర్శలు చెలరేగాయి. ముదురు ఛాయలు సహజంగా రావడానికంటూ గూగుల్ తన ఫోన్లలో 'రియల్ టోన్' తెచ్చింది 2021లో.

అక్కడ నలుపు పెంచారు. మన ఇళ్ళలో తరచూ తెలుపు పెంచుతారు. పెళ్ళిచూపులకు పంపే ఫోటో నుంచి గోడకు తగిలించే ఫోటో దాకా ఇదే వరస. ముఖంలో వెలుగు పెంచడం వేరు, మేనిఛాయ మార్చడం వేరు. వెలుగు సరిచేస్తే అమ్మమ్మ కళ్ళు, ముడతలు, ముక్కుపుడక బయటికొస్తాయి. ఛాయ మారిస్తే అవే ముందుగా చెరిగిపోతాయి.

దిద్దిన ఫోటోను సరిచూసుకోవడానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. అమ్మమ్మను బాగా ఎరిగినవాళ్ళకు చూపిస్తే చాలు. "ఎంత తెల్లగా ఉందో" అంటే పని చెడినట్టే. "అచ్చం అమ్మమ్మే" అంటే అక్కడితో ఆపేయొచ్చు.