పాట మీద పేరెవరిది?

దళితుల పాటను మెచ్చుకునేవాళ్లకు ఈ దేశంలో ఎన్నడూ కొదవ లేదు. మట్టివాసన అంటారు, జీవముంది అంటారు, శ్రమ నుంచి పుట్టిందంటారు. ఆ పాట కట్టిందెవరు, డప్పు కొట్టిందెవరు అని అడగండి, జవాబు రాదు. 'జానపదం' అని ఒక్క మాట అనేస్తే పేరు చెప్పాల్సిన పని తప్పిపోతుంది. పేరు లేని పాటకు హక్కు అడిగేవాడూ ఉండడు. అదే కర్ణాటక కచేరీ క్యాసెట్టు తీసుకుని చూడండి. అట్ట మీద రాగం, తాళం, కర్త పేరు వరసగా ఉంటాయి. మృదంగం ఎవరిదో, వయొలిన్ ఎవరిదో కూడా ఉంటుంది. ఒకరి సంగీతానికి కర్తలూ, ఇంకొకరి సంగీతానికి 'ప్రజలూ' ఎట్లా దొరికారు? ఇది అభిరుచికి సంబంధించిన ప్రశ్న కాదు, కులానికి సంబంధించిన ప్రశ్న.

మేము పాటలంటే చెవి కోసుకునేవాళ్లం. కొత్తగా విడుదలైనవీ, పాత ఆల్బములూ, సభల్లో అప్పటికప్పుడు రికార్డు చేసినవీ అన్నీ వింటాం. ఒకే గాయకుల పాటలు ఈ మూడు రకాలుగా వింటే పేరు ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ జారిపోతుందో తెలుస్తుంది. ఇందుకు తమిళనాడు నుంచి ఒక ఉదాహరణ తీసుకుంటున్నాం. అది మనకు పరాయిది కాదు. తమిళుల పరై మన డప్పుకు తోబుట్టువు. రెండూ చావుకు పనికొచ్చి గుడిలోకి పనికిరాని వాయిద్యాలే. అక్కడ పారిశుద్ధ్య పనిలో నలిగిపోతున్న అరుంధతీయుల్లో చాలామంది ఇళ్లలో ఇప్పటికీ తెలుగే మాట్లాడతారు.

2018 జనవరి 6న చెన్నైలో 'క్యాస్ట్‌లెస్ కలెక్టివ్' మొదటి ప్రదర్శన జరిగింది. దర్శకుడు పా. రంజిత్ నడిపే నీలం సాంస్కృతిక కేంద్రం, సంగీతకారుడు టెన్మా కలిసి కట్టిన బృందం ఇది. పేరుకు మూలం 19వ శతాబ్దంలో అయోతిదాసర్ వాడిన 'కులం లేని తమిళులు' అన్న మాట. ఉత్తర చెన్నై వాడల గానా పాటగాళ్లు, పరై, సట్టి కొట్టేవాళ్లు, గిటారు, డ్రమ్స్ వాయించేవాళ్లు ఒకే వేదిక మీద నిలబడ్డారు. గానా అంటే చావు ఇంట్లో రాత్రంతా పాడే పాట. వాడల్లో ఉన్నంతకాలం దాన్ని రౌడీల పాట అన్నారు. 1990లలో సినిమా ఎత్తుకున్నాక కుర్రకారు పాట అన్నారు. పాడినవాళ్ల వాడ మాత్రం ఎక్కడిదక్కడే ఉండిపోయింది. ఆ వాడే వేదికెక్కి రిజర్వేషన్ల గురించి, గొడ్డుమాంసం గురించి పాడింది.

ఇట్లాంటి సభ రికార్డింగు వినడానికి ఓపిక కావాల. మైకు కీచుమంటుంది. ఒక గొంతు ముందుకొస్తే ఇంకొకటి వెనక్కి పోతుంది. స్టూడియోవాళ్లు దీన్ని లోపం అంటారు. మేము అట్లా అనుకోం. స్టూడియోలో పరైని విడిగా రికార్డు చేసి, శబ్దం తగ్గించి, పాట అడుగున పరుస్తారు. సభలో అది పాటతో పోట్లాడుతుంది. మన దగ్గరా అంతే. చలిమంట మీద కాచిన డప్పు మీద కుడిచేతి చిర్ర, ఎడమచేతి సిటికెన పుల్ల వేరువేరుగా వినబడేది సభలోనే. కాక తగ్గి తోలు సడలితే ఆ తేడా కూడా పడుతుంది. జనం ఏ మాటకు ఈలేశారో, ఏ మాటకు నిశ్శబ్దమయ్యారో కూడా రికార్డవుతుంది. పాట ఎవరి మధ్య పుట్టిందో చెప్పే సాక్ష్యం అది.

అయితే సభ రికార్డింగుకు ఒక ప్రమాదం ఉంది. తేదీ, చోటు ఊడిపోతే అది ఎవరి చేతిలోనైనా ఆయుధమవుతుంది. ఈ బృందంలో మొదట్లో ఉన్న ఒకే ఒక మహిళ ఇసైవాణి. మగవాళ్ల సొత్తనుకున్న గానాలో పేరు తెచ్చుకుని 2020లో బీబీసీ ఎంపిక చేసిన 100 మంది మహిళల్లో చోటు సంపాదించింది. శబరిమలకు ఆడవాళ్లు వెళ్లే హక్కు గురించి తాను ఎప్పుడో పాడిన పాట ముక్కను 2024 నవంబరులో, సరిగ్గా అయ్యప్ప దీక్షల కాలంలో, కొత్తగా పాడినట్టు తిప్పారు. ఆమెకు బెదిరింపులొచ్చాయి. 2018లో సుప్రీంకోర్టు తీర్పు మీద దేశమంతా నడిచిన చర్చ నుంచి పాటను కోసేసి, భక్తుల మీద దాడిగా చూపించారు. పాటకు సంవత్సరం రాసిపెట్టడం ఎందుకో ఈ ఒక్క సంఘటన చాలు చెప్పడానికి.

ఇక ఆల్బం సంగతి. అదే బృందంలోని అరివు 2019లో ఆఫ్‌రో అనే సంగీతకారుడితో కలిసి 'తెరుక్కురల్' విడుదల చేశాడు. తెరు అంటే వీధి, కురల్ అంటే గొంతు. తిరుక్కురళ్ పేరును వీధిలోకి దించిన పేరది. ఇక్కడ జనం కేకలు లేవు. మాట మీద మాట పేర్చుకుంటూ వాదించే పాటలు. సభలో పది మంది గొంతుల్లో కలిసిన ఒక గొంతు ఇక్కడ విడిగా, తన పేరుతో నిలబడింది. ఆల్బం ఇచ్చే మేలు ఇదే. దళిత కళాకారుడంటే గుంపులో ఒకడు అనే అలవాటును అది దెబ్బతీస్తుంది.

2021 మార్చిలో 'ఎంజాయ్ ఎంజామి' వచ్చింది. పాడింది ధీ, అరివు. నిర్మాత సంతోష్ నారాయణన్. విడుదల చేసింది మాజ్జా సంస్థ. కోట్లాది మంది విన్నారు, తెలుగు పెళ్లి ఊరేగింపుల్లో కూడా మోగింది. మోగించినవాళ్లలో ఎందరికి తెలుసు, అది సిలోను తేయాకు తోటల్లో చాకిరీ చేసి తిరిగొచ్చిన వల్లియమ్మాళ్ అనే అవ్వ బతుకు నుంచి పుట్టిందని? ఆమె అరివుకు అవ్వ. తోటలు పెంచి భూమి దక్కనివాళ్ల ఏడుపుపాట అది, ఆట కట్టులో వచ్చింది.

అదే ఏడాది ఆగస్టులో ఒక పేరున్న సంగీత పత్రిక ఈ పాట విజయం గురించి రాస్తూ అట్ట మీద ధీ బొమ్మ, మరో గాయకుడి బొమ్మ వేసింది. అరివు లేడు. రంజిత్ బాహిరంగంగా నిలదీశాక పత్రిక అరివుతో విడిగా డిజిటల్ అట్ట తెచ్చింది. 2022 జూలై 28న చెన్నైలో చదరంగ ఒలింపియాడ్ ప్రారంభంలో ఈ పాట పాడినప్పుడు కూడా అరివు వేదిక మీద లేడు. పాట కట్టింది, రాసింది, పాడింది తానేనని అతను ప్రకటించాడు. ముగ్గురి ఉమ్మడి కృషి అనీ, అరివు అప్పుడు అమెరికాలో ఉన్నాడనీ సంతోష్ నారాయణన్ జవాబిచ్చాడు. తాను ప్రతిచోటా అరివు పేరు చెబుతూనే వచ్చానని ధీ చెప్పింది. ఆ వేదిక మీద కిడక్కుళి మారియమ్మాళ్ అనే జానపద గాయని ఉందన్నదీ మరవకూడదు. స్వరం ఎవరి వాటా ఎంత అని తీర్పు చెప్పే పని మేము పెట్టుకోం. మేము అడిగేదొకటే. జాబితాలో ఒక పేరు తగ్గాల్సి వచ్చిన ప్రతిసారీ ఆ తగ్గే పేరు వాడ నుంచి వచ్చినవాడిదే ఎందుకవుతోంది? చెడు మనసు ఉండక్కర్లేదు, అలవాటు చాలు.

డబ్బు కథ ఇంకోటి. పాట నుంచి ముగ్గురిలో ఎవరికీ ఒక్క రూపాయి అందలేదని 2024 మార్చిలో సంతోష్ నారాయణనే చెప్పాడు. అంటే పేరున్నవాళ్లకే ఈ గతి. పేరే లేని డప్పు కళాకారుడి సంగతి ఊహించుకోండి. చట్టం లేక కాదు. 1957 కాపీరైటు చట్టం 57వ సెక్షను ప్రకారం హక్కులు అమ్ముకున్నా సరే, ఇది నా రచన అని చెప్పుకునే హక్కు కర్తకు ఉంటుంది. 2012 సవరణ పాట రాసినవాళ్లకూ, స్వరం కట్టినవాళ్లకూ రాయల్టీలో వాటాను గట్టిపరిచింది. కానీ చట్టం దగ్గరికి పోవాలంటే ముందు పాట మీద పేరుండాల. 'సాంప్రదాయం', 'జానపదం' అని అచ్చయిన పాటకు చట్టం ముందు తల్లీదండ్రీ లేరు.

2024లో అరివు కొత్త ఆల్బం వచ్చింది. పేరు 'వల్లియమ్మా పేరాండి', అంటే వల్లియమ్మ మనవడు. ఎంజామి పాట వెనక మిగిలిపోయిన అవ్వ పేరు ఇప్పుడు అట్ట మీదకే వచ్చింది. ముద్దుగా పెట్టుకున్న పేరుగా మేము దీన్ని చూడం. ఇకమీద ఈ పాటలు ఎవరు ఏ వేదిక మీద పాడినా ఆల్బం పేరు చెబితే ఆ అవ్వ పేరు పలకాల్సిందే. పేరు చెరిపే అలవాటుకు ఒక మనవడు కనిపెట్టిన విరుగుడు ఇది.

మన దగ్గరికొద్దాం. 'బండెనక బండి' పాట వినని తెలుగువాడు లేడు. 'మా భూమి' సినిమాలో గద్దర్ పాడినందువల్ల గద్దర్ పాటే అనుకునేవాళ్లు వేలల్లో ఉన్నారు. దాన్ని కట్టిన బండి యాదగిరి పేరు ఎంతమంది నోట వస్తుంది? ఉద్యమాల్లో పాట అందరిది అన్నాం. మంచి మాటే. కానీ అందరిదైన పాటలో మొదట మాయమయ్యేది చిన్నవాడి పేరు. కోరస్ ఇచ్చిన ఆడపిల్లలూ, డప్పు కొట్టిన మాదిగలూ మన సొంత క్యాసెట్ల అట్టల మీద కూడా లేరు. అగ్రకులాలను నిలదీసే ముందు ఈ లెక్క మనం సరిచేసుకోవాల.

కాబట్టి విద్యార్థులకూ, టీచర్లకూ, కార్యకర్తలకూ మా మనవి. ఏప్రిల్ 14 సభల క్యాసెట్లు, కారంచేడు, చుండూరు పోరాటాల కాలం నాటి క్యాసెట్లు మీ గూడేల్లో పెట్టెల అడుగున ఇంకా ఉంటాయి. బూజు పట్టకముందే, టేపు అతుక్కుపోకముందే కంప్యూటర్లోకి ఎక్కించండి. శబ్దం శుభ్రం చెయ్యకుండా ఒక ప్రతి ఉన్నదున్నట్టు దాచండి. ఊరు, తేదీ, సందర్భం, కట్టినవారు, పాడినవారు, కోరస్, డప్పు వరసగా రాయండి. తెలిసిన పెద్దవాళ్లు బతికుండగానే వెళ్లి అడగండి. ఇకమీద మీరు ఫోనులో రికార్డు చేసే ప్రతి పాటకూ ముందు పది సెకన్లు ఆ పేర్లు పలికించి, ఆ తర్వాతే పాట మొదలుపెట్టండి.