వేలికొన మీద రక్తపు చుక్కతో రోజా పోదు

గత రంజాన్‌లో ఒక సాయంత్రం ఐదు గంటలకు మా అబ్బా సోఫాలో కూర్చుని ఉన్నట్టుండి మాట్లాడటం మానేశారు. నుదుటి మీద చెమట, చేతుల్లో సన్నని వణుకు. దుబాయ్‌లో ఏసీ ఇరవై రెండు మీద తిరుగుతోంది. చెమట పట్టే వేళ కాదు, పట్టే చోటూ కాదు. ఆయనకు పద్నాలుగేళ్లుగా షుగరు ఉంది. మీటరు తెచ్చి వేలు పట్టుకోబోతే చేయి వెనక్కి లాక్కున్నారు.

"రక్తం తీస్తే రోజా పోతుంది బేటా. అజాన్‌కు గంటన్నరే కదా, ఆగు."

కడప జిల్లాలో ముప్ఫై ఏళ్లు తెలుగు పండిట్‌గా పిల్లలకు వ్యాకరణం చెప్పిన మనిషి. సంధి తప్పితే ఊరుకునేవారు కాదు. ఉపవాసంలోనూ అంతే, సందేహం ఉంటే వదిలేయడమే ఆయన పద్ధతి. నేనేమో ప్రోగ్రాములు రాసుకునేవాణ్ని, ఏ షరతుకు ఏ ఫలితమో తేలకపోతే నాకు నిద్ర పట్టదు. ఆ గంటన్నరలో మా ఇద్దరి మధ్య జరిగింది ఆ వాదనే. చివరికి అమ్మీ కోప్పడితే వేలు ఇచ్చారు. మీటరు మీద 58.

డెబ్భైకి తగ్గితే ఉపవాసం వెంటనే విరమించాలి. అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య, రంజాన్ మీద పనిచేసే వైద్యుల బృందం కలిసి 2021లో సవరించిన మార్గదర్శకాల్లో ఈ అంకె స్పష్టంగా ఉంది. 300 దాటినా అంతే. అజాన్‌కు పది నిమిషాలే ఉందని ఆగడానికి లేదు. మా ఆవిడ పళ్లరసం గ్లాసు చేతికిచ్చింది. అబ్బా తాగారు. పావుగంటకు మాట తేటపడింది. ఆ తర్వాత రాత్రి వరకు నాతో మాట్లాడలేదు.

తరావీహ్ నమాజు నుంచి వచ్చాక ఆయనే కడపలో తనకు తెలిసిన మౌలానాకు ఫోన్ చేశారు. స్పీకర్ పెట్టారు, నేను వినాలనే కాబోలు. మౌలానా చెప్పింది క్లుప్తంగా ఇది: వేలు పొడిచి చూసుకోవడం వల్ల రోజా పోలేదు. పళ్లరసం తాగడంతో పోయింది. కానీ అది తాగడమే సరైన పని. జబ్బు వల్ల విరమించారు కాబట్టి పాపం లేదు, కఫ్ఫారా లేదు. దానికి బదులు తర్వాత ఒక్క రోజు ఖజా ఉంటే చాలు.

ఈ ఒక్క ముక్క ముందే తెలిసి ఉంటే మూడు గంటలకే పరీక్ష చేసుకునేవారు, 58 దాకా వచ్చేదే కాదు. షుగరున్న మనవాళ్ల ఇళ్లలో చాలామటుకు ఇదే జరుగుతోందని నా అనుమానం. మొదటి నుంచీ అనుమతి ఉన్న పనిని నిషిద్ధం అనుకుని, ప్రాణం మీదికి తెచ్చుకోవడం.

1997లో జెద్దాలో జరిగిన సమావేశంలో అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ ఈ వైద్య సందేహాల మీద తీర్మానం చేసింది. పరీక్ష కోసం రక్తం తీయడం, పోషణ కోసం కాని ఇంజెక్షన్లు, కంట్లో చుక్కలు, గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్ర (దాన్ని మింగకుండా ఉంటే) ఉపవాసాన్ని భంగపరచవని చెప్పింది. ఇన్సులిన్ కూడా పోషణ ఇంజెక్షన్ కాదు, ఆ కోవలోకే వస్తుంది. గ్లూకోజ్ సెలైన్ వేరు, అది ఆహారం కిందే లెక్క. అన్నిటా ఏకాభిప్రాయం ఉందని మాత్రం అనుకోవద్దు. ఆస్తమా ఇన్‌హేలర్ తీసుకుంటే రోజా పోతుందని మన వైపు ముఫ్తీలు చాలామంది అంటారు, పోదని సౌదీ పండితులు పలువురు అంటారు. అలాంటి చోట మీరు నమ్మే ఆలిమ్‌ను అడగండి. ఊపిరి ఆడకపోతే మాత్రం ముందు పీల్చుకోండి, తర్వాత అడగండి.

ఆఫీసులో ముస్లిమేతర మిత్రులు ఏటా అడిగేవి ఇంకొన్ని. ఉమ్ము మింగొచ్చా? మింగొచ్చు. స్నానం? నిక్షేపంగా. పళ్లు తోముకోవడం, మిస్వాక్ వాడటం తప్పు కాదు, పేస్టు గొంతులోకి పోకుండా చూసుకోవాలి. మరిచిపోయి తినేస్తే? గుర్తొచ్చిన క్షణాన ఆపేసి రోజా కొనసాగించడమే, అది పోనట్టే. వంట చేసేవాళ్లు అవసరమైతే ఉప్పు నాలుక కొసన చూసి ఉమ్మేయొచ్చు. మా అమ్మీ ఆ వెసులుబాటు ఎన్నడూ వాడుకోలేదు. వాసనతోనే హలీంలో ఉప్పు చెబుతుంది. మేం మాత్రం ఇఫ్తార్ దగ్గర ఉప్పు డబ్బా అందుబాటులో పెట్టుకుంటాం.

అసలు జబ్బు మనిషికి, ప్రయాణికుడికి ఖురాన్‌లోనే మినహాయింపు ఉంది. బఖరా సూరా 184, 185 ఆయతుల్లో, మానిన రోజులు తర్వాత పూర్తి చేసుకోమని ఉంది. ఎప్పటికీ ఉండలేని వాళ్లు రోజుకొక పేదకు భోజనం పెట్టే ఫిద్యా ఇస్తారు. అయినా మన పెద్దలు ఉండే తీరతారు. 13 దేశాల్లో 12 వేలకు పైగా షుగరు రోగుల మీద చేసి 2004లో ప్రచురించిన ఎపిడయార్ అధ్యయనంలో, రంజాన్‌లో షుగరు ప్రమాదకరంగా పడిపోవడం టైప్ 2 వాళ్లలో మామూలు నెలల కంటే ఏడున్నర రెట్లు ఉన్నట్టు తేలింది. కాబట్టి అమ్మానాన్నలు రంజాన్‌కు మీ దగ్గరికి వస్తున్నారంటే, టికెట్‌తో పాటు డాక్టర్ అపాయింట్‌మెంటూ చూడండి. ఆరేడు వారాల ముందే వెళ్లాలి. ఏ మాత్ర సహరీకి, ఏది ఇఫ్తార్‌కు, మోతాదు ఎంత అన్నది డాక్టరే మార్చాలి. అబ్బా వేసుకునేది షుగరును బాగా దించే రకం మాత్ర. అలవాటు ప్రకారం దాన్ని ఉదయం వేళకే, అంటే సహరీకే వేసుకుంటున్నారని మాకు ఆ రోజు దాకా తెలియదు. ఇంట్లో నలుగురం ఉన్నాం, ఒక్కరమూ అడగలేదు.

మిగిలిన రోజుల్లో ఆయన ఉండాలా వద్దా అన్నది డాక్టర్‌కే వదిలేశాం. మాత్ర మార్చి, రోజుకు మూడుసార్లు పరీక్ష షరతుతో ఒప్పుకున్నారు. మధ్యాహ్నం నమాజు తర్వాత అబ్బా తనే మీటరు తీసుకుని కిటికీ దగ్గర కూర్చునేవారు. అంకెను పాత హాజరు పట్టీలో రాసినట్టు గుండ్రటి అక్షరాలతో పుస్తకంలో రాసేవారు.

ఆ ఒక్క ఖజా రోజా డిసెంబరులో కడపలో ఉన్నారు. సాయంత్రం నాలుగింటికి వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. మీటరు మీద 112. కింద, "అమ్మీకి చూపించు" అని.