కుక్క చెవియు, చక్కెర ల్యాబు నోటుబుక్కును

పెంపుడు కుక్కల చెవులలో దట్టముగా పెరిగిన వెంట్రుకలను ఇంటియొద్దనే తీయుట యెట్లో శుక్రవారము సాయంకాలములోపల వ్రాసి యిమ్మని సంపాదకులవారు ఆజ్ఞాపించినప్పుడు, ముఖచిత్ర కథనమునకు ఇంతకన్న ఘనమైన వస్తువు ఇందూరు సీమలో దొరకదా యని లోలోపల నొచ్చుకొనియు, నెలజీతమును తలచుకొని నోరు మెదపక, నిజామాబాదులో బోధను బస్సెక్కితిని. శక్కర్‌నగరు ప్రాంతమున, చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో చెరకురసపు బ్రిక్సు కొలిచి కొలిచి విశ్రాంతి పొందిన పెద్దమనిషి యొకరు తెల్లని షిట్జును పెంచుచున్నారనియు, దాని చెవుల సంగతి పుస్తకమున కెక్కించుచుందురనియు ఒక మిత్రుడు చెప్పియుండుటయే ఆ ప్రయాణమునకు హేతువు.

ఆ పుస్తకము అట్టలు నలిగిన బడిపిల్లల నోటుబుక్కు. నిలువుగీతలు గీచి ప్రతి పుటను ఐదు గడులు చేసినారు: తేదీ, కుడి, ఎడమ, రంగు, వాసన. గంటగంటకు రసపు చిక్కదనమును నమోదు చేయుటకు అలవాటుపడిన చేయి, ఫ్యాక్టరీ మూతపడిన పిమ్మట ఊరకుండలేక, వారమున కొకమారు కుక్కచెవిని నమోదు చేయుచున్నది. వాసన గడిలో మూడు మాటలే కనబడును: ‘లేదు’, ‘కొద్దిగ’, ‘మొలాసిస్’. మలసీజియా యను ఈస్టు చెవిలో పెచ్చుమీరినప్పుడు పులిసిన తీపికంపు వెడలుట పశువైద్యు లెరిగినదే. కాని బోధనులో బ్రదికిన ముక్కునకు మొలాసిస్ తొట్టికన్న దగ్గరి ఉపమానము వేరెక్కడ దొరకును?

“గుంజుడు ఎనక సార్, ముందుగాల వాసన జూడుండ్రి” అని ఆయన కుక్కచెవిని వెనుకకు మడచి నా ముందుంచిరి. చూచితిని. లోపల లేత గులాబిరంగు. వాకిట సన్నని తెల్లని వెంట్రుకలు గుబురుకట్టి యున్నవి. వానిలో రెండు మూడు పోగులు గోధుమరంగు గులిమితో అంటుకొని జడవలె బిగిసినవి.

ఆయన మనుమరాలు కుక్కను ఒడిలోనికి తీసికొనెను. “గట్టిగ వట్టకు బిడ్డా, గడ్డం కింద చెయ్యి వెట్టు చాలు.” జారకుండుటకై చెవిపొడిని వ్రేళ్లకొనల కద్దుకొని, ఆ జడగట్టిన పోగులలో నుండి మూడు నాలుగు వెంట్రుకలను మాత్రము చూపుడువ్రేలికిని బొటనవ్రేలికిని నడుమ నొక్కిపట్టి, పెరిగిన దిక్కునకే చిన్నగా చటుక్కున లాగిరి. కుక్క పెదవి యొకింత వణికినది, మూలుగలేదు. మూలిగియుండినచో ఆనాటికి ఆ పని చాలించెడివారు. ఊడివచ్చిన కుచ్చు పెసరగింజంత. దానిని తెల్లకాగితముపై నుంచి, ల్యాబునాటి చూపుతో తిప్పి తిప్పి చూచి, గడిలో ‘కుడి: 1 కుచ్చు’ అని వ్రాసిరి. తక్కిన గుబురు జోలికి పోలేదు.

ఏల పోలేదో ఆ నోటుబుక్కులోనే యెర్రసిరాతో గీచిన యొక పుట చెప్పుచున్నది. నిరుటి వానకాలమున, చెవి అద్దమువలె శుభ్రముగా నుండవలెనను చాదస్తముచేత, ఒక్క కూర్చున్నపాటున రెండు చెవులను బోడిచేసినారట. మూడవనాటి పంక్తి ఇది: ‘ఎడమ చెవి ఎర్రగ. తల ఒక పక్కకు వంచుతుంది. తప్పు నాది.’ పెరికిన ప్రతి వెంట్రుక కుదురును ఒక సూక్ష్మవ్రణమే. అది వాచి తేమ యూరగా, ఆ తేమను సూక్ష్మజీవులు మరగును. చెవి ఆరోగ్యముగా నున్నప్పుడు వెంట్రుక లున్నవన్న నెపమున పెరుకరాదనియే నేడు పెక్కుమంది పశువైద్యుల మతము. గులిమి చిక్కుకొని గాలి యాడనప్పుడో, మాటిమాటికి రోగము వచ్చు చెవిలో మందు లోనికి దిగనప్పుడో మాత్రమే ఆ పని అవసరము. స్నానము చేయించిన ప్రతిమారును అలవాటుగా చెవి వెంట్రుకలు పెరుకు కుక్కల సింగారపు అంగళ్ల తీరు నాకెన్నడును నచ్చలేదు. ఇప్పుడు నచ్చకపోవుటకు కారణము కూడ దొరకినది.

చరిత్ర కావలెనని సంపాదకులవారి షరతు గనుక త్వరత్వరగా చెప్పెదను: మంజీరపై నిజాంసాగరము 1931 నాటికి పూర్తియై చెరకునకు నీరిచ్చినది, 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసినది, 2015 డిసెంబరులో లేఆఫ్‌తో మూతపడినది; మనకు పొరుగైన కల్యాణినుండి యేలిన మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున ‘మానసోల్లాస’మును రచించుచు సారమేయ వినోదమునకు ప్రత్యేకముగా ఒక అధ్యాయమునే కేటాయించెను; నన్నయగారి భారతమున, నిరపరాధియైన కుక్కపిల్లను జనమేజయుని తమ్ములు కొట్టగా తల్లి సరమ రాజును నిలదీసిన కథ ఆదిపర్వముననే యున్నది. ఇక చాలు.

పేజీ అంచుగడికి మిగిలినవి: పూడిల్, షిట్జు, లాసా మొదలగు బొచ్చుజాతులకే ఈ బెడద హెచ్చు, లాబ్రడారునకు లేదు. కుక్క చెవిదారి మొదట నిలువుగా దిగి, పిదప అడ్డముగా మలుపు తిరిగి కర్ణభేరిని చేరును గనుక కంటి కగపడని చోటికి చిమటా పోనీయరాదు, దూదిపుల్ల పోనీయనే రాదు. అది గులిమిని మలుపులోనికి కూరును. కత్తెరతో కత్తిరించినచో ముక్కలు లోపల పడును. కాచిన నూనె పోయవలదు. చెవి ఎర్రబారినను, చీము కారినను, ముట్టనీయక కుక్క అరచినను వెంట్రుకల మాట మరచి పశువుల దవాఖానకు తీసికొనిపోవలెను. కర్ణభేరి చిరిగియున్నచో కొన్ని చుక్కలమందులే హాని చేయును.

నిజామాబాదు తిరిగివచ్చిన రాత్రి మా యింటి కుక్క చెవి మడచి వాసన చూచితిని. వెంట్రుకలు కావలసినన్ని యున్నవి, వాసన లేదు. దారిలో కొనితెచ్చిన చిమటా ఇంకను కాగితపు పొట్లములోనే యున్నది.