ఇంటిపై సూర్యవిద్యుత్తు: రైతులడుగు ప్రశ్నలు

ఇటీవల మేము ఏ గ్రామమునకు బోయినను, విత్తనములను గూర్చియు తెగుళ్లను గూర్చియు మాటలు ముగిసిన పిమ్మట, ఎవరో యొకరు "అయ్యా, ఇంటిమీద సోలారు పలకలు వేయించుకొనుమని వచ్చి చెప్పుచున్నారు, వేయించుకొనవచ్చునా?" అని యడుగుట పరిపాటియైనది. 2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వమువారు కోటి గృహములపై ఇట్టి పలకలు నెలకొల్పు నుద్దేశముతో 'ప్రధానమంత్రి సూర్యఘర్ ముఫ్త్ బిజిలీ యోజన' యను పథకమును ప్రారంభించిరి. నాటినుండి ఈ ప్రశ్న మరింత హెచ్చినది. ముఫ్త్ అనగా ఉచితమని యర్థము. ఈ యొక్క మాట పల్లెలలో కలిగించిన భ్రమ ఇంతింత కాదు. ఉచితముగ వచ్చునవి పలకలు కావు. మన సొమ్ముతోనో, అప్పుతోనో వానిని కొని బిగించుకొనిన పిమ్మట, అవి యిచ్చు కరెంటునకు బిల్లు లేకుండుటయే ఆ మాటకు తాత్పర్యము. కావున ఋణపత్రముమీద సంతకము చేయుటకు ముందు మన సభ్యులు తెలిసికొనవలసిన సంగతులను ఇచ్చట వ్రాయుచున్నాము.

మొట్టమొదట అడుగవలసిన ప్రశ్నను మాత్రము ఎవ్వరును అడుగుట లేదు. "మా యింట నెలకు ఎన్ని యూనిట్లు కాలుచున్నవి?" అనునదియే ఆ ప్రశ్న. అంతయు దీనిమీదనే యాధారపడి యున్నది. ఒక కిలోవాటు పలకలు మన ప్రాంతమున సగటున దినమునకు 4 యూనిట్లు, అనగా నెలకు ఇంచుమించు 120 యూనిట్లు ఇచ్చును. వానకాలమున తగ్గును, ఎండకాలమున కొంత హెచ్చును.

ఇప్పుడు రెండు ఇండ్లను తీసికొందము. ఆంధ్రప్రదేశమున 2022లో నిర్ణయింపబడిన గృహపు రేటులనుబట్టి మొదటి 30 యూనిట్లకు యూనిటొక్కింటికి రూ. 1.90, తరువాత 75 వరకు రూ. 3, 125 వరకు రూ. 4.50, 225 వరకు రూ. 6, 400 వరకు రూ. 8.75 చొప్పున పడును. రెండు దీపములు, రెండు పంకాలు, ఒక టెలివిజను గల యింట నెలకు 75 యూనిట్లు కాలినయెడల, కరెంటు వెల రూ. 192 మాత్రమే. ఈ గృహస్థు ఒక కిలోవాటు పలకలను రూ. 70,000లకు కొని, రూ. 30,000లు ప్రభుత్వపు రాయితీ పోగా, మిగిలిన రూ. 40,000లను నూటికి 7 వడ్డీతో అయిదేండ్ల గడువునకు అప్పు తెచ్చెననుకొందము. నెలకు కట్టవలసిన వాయిదా రూ. 790 పైచిలుకు. రూ. 192 మిగుల్చుకొనుటకు రూ. 790 కట్టుట ఏ లెక్కకు వచ్చును?

రెండవ యింట శీతలపెట్టె, నీటి మోటారు, వేసవిలో ఒక ఏసీ కలవు. నెలకు 300 యూనిట్లు కాలును. కరెంటు వెల ఇంచుమించు రూ. 1,673. ఇతడు రెండు కిలోవాట్ల పలకలు వేయించుకొనినయెడల 240 యూనిట్లు ఇంటిపైననే పుట్టును. మిగిలిన 60 యూనిట్లకు రూ. 147 చెల్లించిన చాలును. అనగా నెలకు రూ. 1,500లకు పైగా ఆదా. పలకల వెల రూ. 1,30,000 అనుకొని, రూ. 60,000 రాయితీ తీసివేసినచో, ఇతని చేతినుండి పడునది రూ. 70,000. పై వడ్డీకే అయిదేండ్ల వాయిదా నెలకు రూ. 1,386. మిగిలిన సొమ్ముతోనే అప్పు తీరును. తరువాత పలకలు ఇంకను చాల ఏండ్లు పని చేయును. చిల్లర యూనిట్లవాడు తక్కువ రేటులోనే యుండుటయు, పెద్ద బిల్లువానికి మాత్రము ఎక్కువ రేటు యూనిట్లే ముందుగా తగ్గుటయు ఈ భేదమునకు కారణము. పలకల వెలలు మేము లెక్కకై అనుకొన్నవే. స్థిరఛార్జి మొదలగునవి ఇందు కలుపలేదు. మీ బిల్లుమీది రేటులతో మీరే లెక్క వేసికొనుడు.

తెలంగాణమున 2024లో ప్రారంభమైన గృహజ్యోతి పథకము క్రింద 200 యూనిట్లలోపు వాడి సున్న బిల్లు పొందుచున్న కుటుంబములకు పలకలవలన ప్రస్తుతము కలుగు లాభమేమియు లేదు. అట్టివారిని బలవంతపెట్టు వారి మాట వినకుడు.

"రాయితీ ఎంత? ఎవరి చేతికి వచ్చును?" అని అందరును అడుగుదురు. మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటునకు రూ. 30,000 చొప్పున, మూడవదానికి రూ. 18,000. మూడు కిలోవాట్లకు మించినను రూ. 78,000 కంటె ఎక్కువ రాదు. ఈ సొమ్ము ముందుగా రాదు. పలకలు బిగించి, విద్యుత్తు సంస్థవారు వచ్చి పరీక్షించి, రెండువైపుల లెక్కించు నెట్ మీటరు పెట్టిన పిమ్మట, గృహస్థుని బ్యాంకు ఖాతాలోనే పడును. కావున "రాయితీ మేము తెచ్చెదము, ముందు మీ రింత యిండు" అనువానిని నమ్మరాదు. పలకలు మన దేశమున తయారైనవై యుండవలెను. బిగించువారు పథకమున నమోదైనవారై యుండవలెను. లేనిచో రాయితీ రాదు.

ఇందొక చిక్కు పల్లెలలో తరచుగా కనబడుచున్నది. కరెంటు మీటరు తాతగారి పేరనుండును. తాతగారు గతించి ఇరువది యేండ్లై యుండును. దరఖాస్తు పెట్టువాడు మనుమడు. బ్యాంకు ఖాతా మనుమని భార్యది. పేర్లు కలియవు, పని నిలిచిపోవును. ముందుగా సర్వీసు పేరు మార్పించుకొనుట మేలు. ఎన్నడైనను చేయవలసిన పనియే గదా!

మమ్ము అందరికంటె ఎక్కువగా ఆశ్చర్యముతో అడుగు ప్రశ్న యిది: "మధ్యాహ్నము ఎండ మండిపోవుచున్నది, ఇంటిమీద పలకలున్నవి, లైను పోగానే మా పంకా యేల ఆగిపోయినది?" పలకలు బిగించినవాడు ఈ సంగతి ముందు చెప్పక పోవుటచేతనే ఈ ఆశ్చర్యము. సాధారణముగ బిగించు ఏర్పాటు వీధి లైనుతో కలిసి పనిచేయునది. లైనులో కరెంటు ఆగినతోడనే ఇన్వర్టరు తనంతట తాను నిలిచిపోవును. ఇది లోపము కాదు, ప్రాణరక్షణకై చేసిన కట్టడి. లైను ఆపి స్తంభమెక్కిన లైనుమాను చేతికి మన డాబామీది కరెంటు తగిలెనా, ఆ మనుష్యుడు దక్కడు. కావున దీనిని తప్పించుటకు ఎవడైన 'చిన్న ఉపాయము' చెప్పినచో వానిని గడప తొక్కనీయకుడు. లైను పోయినప్పుడును దీపములు వెలుగవలెననినచో బ్యాటరీతో గూడిన వేరు రకపు ఇన్వర్టరు కావలెను. దానికి వెల ఎక్కువ. బ్యాటరీకి వేరుగ రాయితీ లేదు. కొన్ని యేండ్లకు బ్యాటరీ మార్చవలసి వచ్చును. ఇంట నిదివరకే మామూలు ఇన్వర్టరు, బ్యాటరీ ఉన్నయెడల వానిని అట్లే యుంచుకొనవచ్చును.

"రోహిణీకార్తె ఎండలకు కరెంటు పొంగి పొరలవలెను గదా?" యని కొందరందురు. పలకకు కావలసినది వెలుతురు, వేడి కాదు. పలకల సామర్థ్యమును 25 డిగ్రీల వేడివద్ద కొలిచి వ్రాయుదురు. మే మాసపు మధ్యాహ్నమున డాబామీది పలక 65 డిగ్రీల వరకు కాగును. అట్లు కాగినప్పుడు దాని శక్తిలో ఇంచుమించు ఏడవవంతు తగ్గిపోవును. అందుచేతనే పలక క్రింద గాలి యాడునట్లు ఎత్తుగా బిగింపవలెను. డాబాకు అంటించి వేసినచో బిగించువానికి ఇనుము మిగులును, మనకు యూనిట్లు తగ్గును.

స్థలము కిలోవాటునకు నూరు చదరపుటడుగులు కావలెను. పలకలు దక్షిణముఖముగ, పదిహేను డిగ్రీలకు అటునిటుగా వాలియుండవలెను. నీడ విషయమున మిక్కిలి జాగ్రత్త యవసరము. పలకలు మాలవలె ఒకదానితో నొకటి కలుపబడి యుండును గనుక, కొబ్బరిమట్ట నీడ ఒక పలకమీద పడినను, కాలువలో ఒకచోట గడ్డి అడ్డుపడినట్లు, ఆ వరుస యంతయు మందగించును. ప్రొద్దున తొమ్మిదింటినుండి సాయంకాలము నాలుగింటివరకు నీడ పడని చోటు చూచుకొనుడు. అందుకై ఫలమిచ్చు చెట్టును కొట్టివేయుట మాకు సమ్మతము కాదు. డాబాకు రెండవమూల చూడవచ్చును. పెంకుటిండ్లకును సిమెంటు రేకుల యిండ్లకును పైకప్పుమీద బరువు వేయక, నేలనుండి వేరుగ స్తంభములెత్తి బిగించుట క్షేమము. 2014 అక్టోబరు 12న విశాఖపట్టణముపై విరుచుకుపడిన హుద్‌హుద్ తుపాను గాలిని చూచిన తీరజిల్లాలవారికి బిగింపు గట్టిదనమును గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. ఇనుము జస్తాపూత గలదైయుండవలెను. ఎర్తు, పిడుగు నివారకము తప్పక ఉండవలెను. స్లాబునకు రంధ్రములు వేసినచో ఆ చోట నీరు దిగకుండ పూడ్చునట్లు ముందే వ్రాయించుకొనుడు.

పలకలను ఎవరు చూచుకొందురు? పథకము క్రింద బిగించినవారే అయిదేండ్లు మరమ్మతులు చేయవలెను. కడుగుట మాత్రము ఇంటివారి పని. నూర్పిళ్ల కాలమున పొట్టు, మిరపకళ్లముల ధూళి, బాటప్రక్క మన్ను పలకలపై పేరుకొనును. పదిహేను దినముల కొకసారి, సూర్యోదయమునకు ముందు, మెత్తని గుడ్డతోను మంచినీటితోను తుడువవలెను. ఉప్పదనముగల బోరునీరు తెల్లని మచ్చలు వదలును. మధ్యాహ్నపు వేడిలో చల్లని నీరు పోసినచో అద్దము పగులవచ్చును. కోతులుగల గ్రామములలో తీగలను గొట్టములలో నుంచుట మరువరాదు.

"ఈ పలకలతోనే చేని మోటారు నడువదా?" అని అడిగినవారు పలువురు. నడువదు. అయిదు అశ్వశక్తుల మోటారు ఒక్కటే 3.7 కిలోవాట్లు లాగును. అది మూడు ఫేజుల సర్వీసు. ఇంటి సర్వీసు వేరు, చేని సర్వీసు వేరు. చేని పంపులకై 2019లో ప్రారంభమైన కుసుమ్ పథకము వేరుగ కలదు. వ్యవసాయపు కరెంటు ఉచితముగ వచ్చుచున్న రైతు ఇంటి పలకలను చేనికి ముడిపెట్టవలసిన పని లేదు.

అప్పు విషయమున ఒక మాట. ఈ పనికి బ్యాంకులు హామీ లేకుండనే తక్కువ వడ్డీకి ఋణమిచ్చుచుండగా, పొలము తాకట్టుపెట్టుమనువానిని, బంగారము కుదువబెట్టుమనువానిని దూరముగ నుంచుడు. పంట అప్పును ఇందుకు మళ్లించుట అంతకంటెను చెరుపు. పంట వాయిదా తప్పినచో వడ్డీరాయితీ పోవును. ఒక్క గ్రామమున పదిమంది సభ్యులు కలిసి ఒకే దుకాణదారుని ధర యడిగినచో, ఎరువుల బస్తాల విషయమున జరుగునట్లే, వెల తగ్గును; మరమ్మతునకు పిలిచినప్పుడు అతడు వచ్చును. ఒంటరిగా కొనినవాని పిలుపునకు ఎవరు పలుకుదురు? ధరపత్రములో పలక పేరు, సామర్థ్యము, ఇన్వర్టరు హామీ ఎన్ని యేండ్లు, పలకల హామీ ఎన్ని యేండ్లు, తీగలు, ఎర్తు, మీటరు ఖర్చు ఎవరివి యనునవి విడివిడిగ వ్రాయించుకొనవలెను. "అన్నియు కలిపి ఇంత" యను పత్రము కాగితపు ముక్కయే.

సూర్యవిద్యుత్తు కావలెనను సభ్యులు గత పండ్రెండు మాసముల కరెంటు బిల్లులను సంఘ కార్యాలయమునకు తీసికొని రావలెను. వేసవి బిల్లొక్కటే తెచ్చినచో లెక్క తప్పును. పండ్రెండింటిని కూడి పండ్రెండింట భాగించి వచ్చిన యూనిట్లనుబట్టియే ఎన్ని కిలోవాట్లు కావలెనో, అసలు కావలెనో అక్కరలేదో చెప్పుటకు వీలగును.